వలలో పడ్డ చిన్న తాబేలు కదలకపోతే ఏం చేయాలి? ఒక్కదాన్ని కాపాడితే ఏం ఒరుగుతుంది?

మీ ప్రశ్న ఏమిటో ముందు రెండు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను, కొత్తగా చదివేవాళ్లకు తెలుస్తుంది. భీమిలి దగ్గర మీ మావయ్య ఫైబర్ బోటులో మీరు వేటకు వెళ్లారు. తెల్లవారుజామున వల లాగుతుంటే మూరెడు పొడవున్న తాబేలు చిక్కుకుని వచ్చింది. కదలిక లేదు. చచ్చిపోయిందనుకుని వల కోసి నీళ్లలో వేసేశారు. అది నిజంగా చచ్చిపోయిందా, బతికుందా అన్నది మీకు అప్పటినుంచీ మనసులో పీకుతోంది. రెండోది మీ మావయ్య అన్న మాట: "బీచ్‌లో ఏటా వేలకు వేలు పిల్లల్ని వదులుతున్నారు కదా, ఒకటి పోతే ఏమైంది?"

వలలు, బోట్లు, వాటిలో అనుకోకుండా పడే జంతువులు, ఇదే నా పని. చాలా ఏళ్లు వల ఈడ్చే ట్రాలర్ల మీదా చిన్న బోట్ల మీదా తిరిగాను. మీరు అడిగినవి రెండూ మంచి ప్రశ్నలే. మొదటిదాని జవాబు రేపే పనికిరావచ్చు కాబట్టి అది ముందు చెబుతాను.

అది బతికే ఉండొచ్చు. సముద్ర తాబేలు మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీల్చే జంతువు. తనంతట తాను మునిగి విశ్రాంతిగా ఉంటే చాలాసేపు నీళ్లలో ఉండగలదు. వలలో చిక్కుకున్నప్పుడు మాత్రం లెక్క మారిపోతుంది. భయంతో పెనుగులాడుతుంది, ఉన్న ఆక్సిజన్ నిమిషాల్లో ఖర్చయిపోతుంది, రక్తంలో ఆమ్లం పేరుకుపోతుంది. చిన్న తాబేలు ఒంట్లో పట్టే గాలి తక్కువ, అందుకే పెద్దదానికంటే త్వరగా స్పృహ తప్పుతుంది. అలా స్పృహ తప్పిన తాబేలు చచ్చినదానికి ఏమాత్రం తేడా లేకుండా ఉంటుంది. మెడ వాలిపోతుంది, రెక్కలు వేలాడుతాయి, ఊపిరి ఆడుతున్న జాడే ఉండదు. ఆ స్థితిలో నీళ్లలో వేస్తే తల పైకెత్తి గాలి పీల్చే శక్తి దానికి ఉండదు, మునిగి చనిపోతుంది. బోటులోనే ఉంచి ఉంటే తేరుకునే అవకాశం ఉండేది.

ఏం చేయాలంటే, ముందు వల పూర్తిగా తీసేయండి. ముందు రెక్కల మొదట్లో, మెడ దగ్గర దారం బిగుసుకుని ఉంటుంది. దాన్ని లాగకండి, కత్తి వీపును తాబేలు చర్మం వైపు పెట్టి దారాన్ని బయటికి కోయండి. తర్వాత తాబేలును పొట్ట మీదే పడుకోబెట్టాలి, వెల్లకిలా తిప్పకూడదు. వెనక భాగం కింద చుట్టిన తాడో, పాత టైరో, చెక్కో పెట్టి కనీసం జానెడు ఎత్తులో ఉంచండి. తల కిందికి ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్లు నోట్లోంచి కారతాయి. పొట్ట మీద నొక్కడం, కాలితో తొక్కడం వద్దు. కొందరు సాయం అనుకుని అలా చేస్తారు, దానివల్ల హాని తప్ప మేలు లేదు. డిప్ప అంచులు పట్టుకుని ఒకవైపు రెండు మూడు అంగుళాలు ఎత్తి దించండి, తర్వాత రెండోవైపు. అప్పుడప్పుడూ అలా చేస్తే చాలు. ఎండ తగలకుండా నీడలో పెట్టి, తడి గోనె కప్పండి, ముక్కు రంధ్రాలు మాత్రం మూయకండి. కంటి రెప్ప మీద వేలితో మెల్లగా తాకి చూడండి, తోక కాస్త గిల్లి చూడండి. ముడుచుకుంటే బతికున్నట్టే. ఏ స్పందనా లేకపోయినా వదులుకోకండి. అమెరికాలో రొయ్యల బోట్లకు ఉన్న నిబంధన ప్రకారం కనీసం 4 గంటలు, వీలైతే 24 గంటలు ఇలా ఉంచాకే అది చనిపోయిందని అనుకోవాలి. తేరుకుని చురుగ్గా రెక్కలాడిస్తుంటే ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి, వలలు లేనిచోట, బోటు వెనకవైపు నుంచి మెల్లగా నీళ్లలోకి దించండి. విసరకూడదు.

మన బోట్లలో దీనికి ఒక అడ్డంకి ఉంది, దాచిపెట్టుకోవడం ఎందుకు. సముద్ర తాబేళ్లు వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1 కింద, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి. బోటులో తాబేలు కనిపిస్తే కేసు పెడతారేమోనని బోటు నడిపే సరంగులకు టెన్షన్. అందుకే వల్లోంచి తీసీ తియ్యకముందే నీళ్లలో పడేస్తారు. మీ మావయ్య చేసిందీ అందుకే అయ్యుంటుంది, ఆయన్ని తప్పుపట్టను. ఆ భయం పోగొట్టాల్సింది అధికారులు. తాబేలును తేరుకునేదాకా బోటులో ఉంచినవాణ్ని నేరస్థుడిలా కాకుండా సాయం చేసినవాడిలా చూస్తామని రేవులో మైకు పట్టుకుని చెప్పాలి, అదీ తెలుగులో.

మీరు చూసింది ఏ జాతో ఫోటో లేకుండా చెప్పడం కష్టం. ఈసారి కనిపిస్తే డిప్ప మీద వెన్నుపట్టీకి రెండువైపులా ఉండే పెద్ద పలకలు లెక్కపెట్టండి. ఒక్కోవైపు 6 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఆలివ్ రిడ్లే. 4 ఉండి, అవి నున్నగా పక్కపక్కనే అతికినట్టు ఉంటే పచ్చ తాబేలు. 4 ఉండి, ఇంటిపెంకుల్లా ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటే, మూతి గద్దముక్కులా ఉంటే హాక్స్‌బిల్. పెద్ద రిడ్లే డిప్ప 60 నుంచి 70 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి, మూరెడు తాబేలు రిడ్లే అయితే వయసుకు రాబోతున్నది, పచ్చ తాబేలైతే ఇంకా పిల్లే.

ఇక మీ మావయ్య మాట. ఆయనలాగే చాలామంది చదువుకున్నవాళ్లూ అనుకుంటారు, నిజానికి ప్రభుత్వాలు కూడా చాలాకాలం అలాగే అనుకున్నాయి. గుడ్లు కాపాడితే తాబేళ్లు పెరుగుతాయి అన్నది చూడ్డానికి తిరుగులేని లెక్క. ఆ లెక్కను తిరగరాసింది 1987లో డెబొరా క్రౌజ్, లారీ క్రౌడర్, హాల్ కాస్వెల్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని లిటిల్ కంబర్లండ్ దీవిలో గుడ్లు పెట్టే లాగర్‌హెడ్ తాబేళ్ల వివరాలు ఏళ్లతరబడి సేకరించి ఉన్నాయి. వాటి జీవితాన్ని వాళ్లు దశలుగా విడగొట్టారు: గుడ్డు, చిన్న పిల్ల, పెద్ద పిల్ల, వయసుకు వస్తున్నది, గుడ్లు పెట్టేది. ఒక్కో దశలో ఏటా ఎన్ని బతుకుతున్నాయో పెట్టి లెక్క కట్టారు. తేలిందేమిటంటే, పెట్టిన ప్రతి గుడ్డూ పిల్లై బతికినా సరే, ఆ తాబేళ్ల సంఖ్య తగ్గుతూనే పోతుంది. అదే పెద్ద పిల్లల దశలో ఏటా బతికేవి 68 శాతం నుంచి 77 శాతానికి పెరిగితే చాలు, సంఖ్య తగ్గడం ఆగి పెరగడం మొదలవుతుంది.

ఎందుకలా? ఆ దశ ఏళ్లకేళ్లు సాగుతుంది. ఏటా కాస్త కాస్త పోతుంటే చివరికి గుడ్లు పెట్టే వయసుకు చేరేవి పిడికెడు కూడా మిగలవు. అదే పరిశోధనలో ఇంకో లెక్క ఉంది. జాతి ముందుకు సాగడంలో ఒక గుడ్డు విలువ 1 అనుకుంటే, పెద్ద పిల్ల విలువ 6, వయసుకు వస్తున్న తాబేలు విలువ దాదాపు 116, గుడ్లు పెట్టేదాని విలువ 500 పైన. అవి లాగర్‌హెడ్ లెక్కలు. రిడ్లే ఇంకా త్వరగా వయసుకు వస్తుంది కాబట్టి అంకెలు అవే ఉండవు, కానీ తూకం మొగ్గేది అటే. మీ బోటులోకి వచ్చింది వయసుకు రాబోతున్న రిడ్లే అయితే, అది పోయిన లోటు తీరడానికి బీచ్‌లో బుట్టెడు పిల్లల్ని వదలాలి. మీ మావయ్య ప్రశ్నకు నా జవాబు ఇదే.

దీనికి కాగితం మీద లెక్క కాకుండా కళ్లముందు జరిగిన ఉదాహరణ మెక్సికోలో ఉంది. కెంప్స్ రిడ్లే మన ఆలివ్ రిడ్లేకు దగ్గరి చుట్టం. అక్కడి రాంచో న్యూవో తీరంలో 1947లో ఒక్కరోజులో తీసిన దృశ్యాల్లో దాదాపు 40,000 ఆడ తాబేళ్లు ఉన్నట్టు అంచనా. 1966 నుంచీ ఆ తీరంలో గుడ్లకు కాపలా పెట్టారు. అయినా 1985 వచ్చేసరికి ఆ ఏడాది మొత్తం లెక్కిస్తే 702 గూళ్లు. తీరంలో కాపలా ఉంది, సముద్రంలో మాత్రం రొయ్యల ట్రాలర్లు వాటిని ముంచి చంపుతున్నాయి. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1990లో ఇచ్చిన నివేదిక ఆ తీరాల్లో తాబేళ్లను చంపుతున్న మిగతా మానవ కారణాలన్నీ కలిపినా రొయ్యల ట్రాలింగ్ అంత కాదని తేల్చింది. ట్రాలర్లలో తాబేలు బయటపడే ఏర్పాటు తప్పనిసరి చేశాక, తీరంలో కాపలా కూడా కొనసాగాక, గూళ్లు మళ్లీ వేలల్లోకి వచ్చాయి.

గుడ్లు పొదిగించే హ్యాచరీలంటే నాకు చిన్నచూపు ఉందని అనుకోకండి. విశాఖలో జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ తీరాల్లో రాత్రంతా తిరిగి కుక్కల నోటికి అందకుండా గుడ్లు తెచ్చి కాపాడేవాళ్ల కష్టం నాకు తెలుసు. వాళ్లు కాపాడింది సముద్రంలో నిలవాలి, నా బాధంతా అదే.

ఇప్పుడు ఈ పిల్ల తాబేళ్లు ఎక్కడ, ఎలా చిక్కుతాయో చెబుతాను. మీ మావయ్యకు బాగా అర్థమయ్యే ఉదాహరణ పసిఫిక్ మహాసముద్రంలో ఉంది. ఉత్తర పసిఫిక్‌లో లాగర్‌హెడ్ గుడ్లు పెట్టేది జపాన్‌లో. పిల్లలు ప్రవాహాల వెంట సముద్రం దాటుతాయి, వాటిలో చాలా మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా తీరానికి చేరతాయి. అక్కడ ఉయోవా అఖాతంలో ఎర్ర పీతలు గుంపులుగా ఉంటాయి, అవి తింటూ ఏళ్లతరబడి అక్కడే పెరుగుతాయి. పెద్దయ్యాక తిరిగి జపాన్ వెళ్లి గుడ్లు పెడతాయి. 1996లో వాలెస్ జె. నికోల్స్ అనే జీవశాస్త్రవేత్త అదెలిటా అనే ఆడ తాబేలుకు శాటిలైట్ ట్రాన్స్‌మిటర్ అతికించి బాహా తీరంలో వదిలారు. 368 రోజుల్లో దాదాపు 11,500 కిలోమీటర్లు ఈది అది జపాన్ చేరింది. తాబేలు ఒక దేశపు సొత్తు కాదని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

ఉయోవా అఖాతంలో చేపలు పట్టేవాళ్లు పెద్ద కంపెనీలవాళ్లు కాదు. పాంగా అంటారు వాళ్ల బోటును. అచ్చం మన ఫైబర్ బోటే, వెనక ఔట్‌బోర్డ్ ఇంజన్, ఇద్దరో ముగ్గురో మనుషులు. సాయంత్రం అడుగు వలలు వేసి మర్నాడు వచ్చి తీసుకుంటారు. ఆ వల రాత్రంతా నీటి అడుగున గోడలా నిలబడి ఉంటుంది. చిక్కిన తాబేలుకు పైకి వచ్చే దారి లేదు. హోయ్ట్ పెకమ్, ఆయన తోటివాళ్లు ఆ బోట్ల మీద వెళ్లి లెక్కపెట్టి 2007లో ప్రచురించిన వివరాల ప్రకారం, అక్కడి చిన్న బోట్ల వలల్లో, లాంగ్‌లైన్లలో (వరసగా గాలాలు కట్టిన పొడవాటి తాళ్లలో) అప్పట్లో ఏటా కనీసం వెయ్యి లాగర్‌హెడ్‌లు చనిపోయేవి. దాదాపు అన్నీ పిల్లలే. పసిఫిక్ అంతటా తిరిగే భారీ వేట ఓడల వల్ల పోయేవాటికి ఇది తీసిపోదు. అంతవరకూ అందరూ పెద్ద ఓడలనే తిట్టేవాళ్లు. చిన్న బోటు అంటే చిన్న నష్టమే అనుకునేవాళ్లు. తాబేళ్లు గుమిగూడే చోటే వల పడితే, బోటు ఎంత చిన్నదైనా నష్టం పెద్దదే.

తర్వాత జరిగింది మన అధికారులు శ్రద్ధగా చదవాలి. పెకమ్ బృందం ముందు కేసుల జోలికి పోలేదు. మెక్సికో, జపాన్, హవాయి జాలర్లను ఒకచోట కూర్చోబెట్టింది. ఎవరి వలలో ఏం పడుతోందో వాళ్లే ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ మాటల తర్వాత ఒక జట్టు జాలర్లు అడుగు లాంగ్‌లైన్లు స్వయంగా మానేశారు. అయితే అంతా సవ్యంగా సాగిపోలేదు. 2012 జూలై ఒక్క నెలలోనే అక్కడి సాన్ లాసరో తీరానికి 483 లాగర్‌హెడ్‌లు చచ్చి కొట్టుకొచ్చాయి. వలలా, ఇంకేదైనా కారణమా అని పెద్ద గొడవ. అమెరికా ఒత్తిడి పెట్టింది. 2016కల్లా మెక్సికో ఆ అఖాతంలో వలల మీద ఆంక్షలు పెట్టి, ఇన్ని తాబేళ్లు చనిపోతే వేట ఆపేయాల్సిందే అని హద్దు గీసింది. జాలర్లకు అది మింగుడుపడలేదు.

ఇంతకీ వల మానకుండా తాబేలును తప్పించే దారి ఉందా? ఉంది. వలకు పైతాడు పొడవునా కొద్ది కొద్ది దూరంలో చిన్న ఆకుపచ్చ ఎల్‌ఈడీ లైట్లు కట్టడం. చీకట్లో తాబేలుకు వల కనిపించదు. లైటు ఉంటే అక్కడేదో ఉందని పక్కకు తప్పుకుంటుంది. పెరూలోని సెచూరా అఖాతంలో చేసిన ప్రయోగంలో పచ్చ తాబేళ్లు చిక్కడం 64 శాతం తగ్గింది, పట్టాలనుకున్న చేప తగ్గలేదు. ఉయోవా అఖాతం పరిసరాల్లోనే జెస్సీ సెంకో బృందం చేసి 2022లో ప్రచురించిన ప్రయోగంలో పనికిరాని పడకం, అంటే అక్కర్లేకుండా వలలో పడేవాటి మొత్తం బరువు 63 శాతం తగ్గింది. సొర, టేకు చేపల జాతుల పడకం 95 శాతం తగ్గింది. అమ్ముడుపోయే చేపల విలువ తగ్గలేదు. నాకు అన్నిటికంటే నచ్చింది వేరే అంకె: వల లాగి, చిక్కులు తీసి సర్దుకునే సమయం 57 శాతం తగ్గింది. చిరిగిన వల కుట్టుకుంటూ కూర్చున్నవాడికి దాని విలువ తెలుస్తుంది. తాబేలు మీద జాలితో కాకపోయినా, తన మధ్యాహ్నం తనకు మిగులుతుందని లైటు కడతాడు. ఏ పద్ధతైనా నిలబడేది అలాంటి లాభం ఉన్నప్పుడే.

ట్రాలర్ల సంగతి వేరు. అక్కడ వల చివరి సంచికి ముందు ఏటవాలుగా కడ్డీల చట్రం పెడతారు, దాన్నే టెడ్ అంటారు. రొయ్యలు కడ్డీల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న తలుపులోంచి బయటపడుతుంది. మన దేశంలో దీన్ని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు తగ్గట్టు తయారుచేసింది. చట్రం వాలు సరిగ్గా లేకపోతే రొయ్య తలుపులోంచి పోతుంది, లేదా తాబేలు చట్రానికి అతుక్కుపోతుంది. "టెడ్ పెడితే పడకం పోతోంది" అనే ఫిర్యాదులు నేను వెళ్లి చూసినప్పుడు చాలావరకు వాలు దగ్గరే తేలాయి. ఇంకో సంగతి పిల్లలకు సంబంధించింది. అమెరికాలో కడ్డీల మధ్య ఎడం 4 అంగుళాలు ఉండేది. పెద్ద తాబేలుకు అది సరిపోయింది, ఒడ్డుకు దగ్గర తిరిగే ఒక రకం రొయ్యల బోట్ల వలల్లో పడే బుల్లి తాబేళ్లు మాత్రం ఆ సందుల్లోంచి దూరి సంచిలోకే పోగలవని తేలింది. అందుకే 2019లో ఆ రకం బోట్లకు టెడ్ నిబంధన తెచ్చినప్పుడు ఎడం 3 అంగుళాలకు మించకూడదన్నారు. పెద్దవాటి కొలతతో చేసిన పరికరం పిల్లల్ని కాపాడదు.

టెడ్ మన దగ్గర ఊతం దొరకకుండా పోవడానికి ఒక చరిత్ర ఉంది. టెడ్ లేని దేశాల నుంచి సముద్రపు రొయ్యలు కొనకూడదని అమెరికా 1989లో చట్టం చేసింది. దానిమీద మన దేశం, మరో మూడు దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కాయి, 1998లో తీర్పు వచ్చింది. దాంతో మన రేవుల్లో టెడ్ అంటే అమెరికావాడి పరికరం అన్న ముద్ర పడిపోయింది. నా లెక్కన ఆ ముద్ర వల్ల పోయిన తాబేళ్లు తక్కువేం కాదు.

గాలాల విషయం రెండు మాటల్లో: జె ఆకారపు గాలం బదులు గుండ్రటి గాలం, స్క్విడ్ ఎర బదులు కానాగంతల ఎర వాడితే లాగర్‌హెడ్‌లు పడటం దాదాపు 90 శాతం తగ్గిందని అట్లాంటిక్‌లో 2001-2003 మధ్య చేసిన ప్రయోగాల్లో తేలింది.

మన తీరానికి వస్తే, కాకినాడ, ఉప్పాడ, విశాఖ ఒడ్డుకు చచ్చి కొట్టుకొచ్చేవి ఎక్కువగా గుడ్లు పెట్టడానికి వచ్చిన పెద్ద రిడ్లేలే. అవి ఇటు వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా. వేట నిషేధమేమో ఏప్రిల్ 15న మొదలై జూన్ 14న ముగుస్తుంది. నిషేధం వచ్చేసరికే నష్టం జరిగిపోతుంది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల ట్రాలర్లు తిరగకూడదన్న రూలును ఆ మూడు నెలలు గట్టిగా అమలుచేస్తే తాబేళ్లకూ, చిన్న బోట్లవాళ్లకూ ఇద్దరికీ మేలు. మీ మావయ్యలాంటివాళ్లు ముందుండి అడగాల్సిన డిమాండ్ ఇది.

మన పిల్ల తాబేళ్లు వలల్లో చిక్కుకుని ఎక్కడ తేలుతున్నాయో తెలుసా? మాల్దీవుల్లో. అక్కడివాళ్లు ట్యూనాను కర్ర గాలంతో పడతారు, పెద్ద వలలు వాడరు. అయినా తెగి కొట్టుకొచ్చిన వలల్లో చిక్కుకుని తాబేళ్లు దొరుకుతూనే ఉంటాయి. 2013లో మొదలైన ఆలివ్ రిడ్లే ప్రాజెక్ట్ అక్కడ ఇలాంటివాటిని కాపాడుతోంది. దొరికేవాటిలో అత్యధికం ఆలివ్ రిడ్లేలు, అందులోనూ ఎక్కువ పిల్లలే. వాటి జన్యువులు పరీక్షించి 2020లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అవి శ్రీలంక, భారత తూర్పు తీరాల సంతతి. మన తీరాల్లో పొదిగిన పిల్లలు ఇంకెక్కడో తెగిన వలలో రెక్క తెగి దొరుకుతున్నాయి.

అందుకే చిరిగిన వలముక్కను సముద్రంలో పారేయకుండా ఒడ్డుకు తేవడం కూడా తాబేలును కాపాడటమే. తాళ్లూ వలముక్కలూ వేయడానికి రేవులో ఒక చోటు, కొనేవాడు ఉంటే అందరూ తెస్తారు. ఊరికే తెమ్మంటే ఎవరూ తేరు, అది వాళ్ల తప్పు కాదు.

మీ బోటుకు పనికొచ్చేవి ఇంకొన్ని. వల వేసి ఇంటికి వచ్చేయకుండా దగ్గరే ఉండి మధ్యమధ్యలో ఒకసారి తడిమి చూస్తే, చిక్కినది మునిగిపోకముందే తీయొచ్చు. టేకు చేపల కోసం వేసే పెద్ద కన్ను వలలు తాబేళ్లకు అన్నిటికంటే ప్రమాదం, జనవరి-మార్చి నెలల్లో అవి వేయకపోవడం మంచిది. లోతు నుంచి గబగబా లాగిన తాబేలు చురుగ్గా కనిపించినా వెంటనే వదలకండి. స్పెయిన్‌లోని వలెన్సియాలో 2014లో ప్రచురించిన పరిశీలనలో, వలల్లోంచి తీసిన లాగర్‌హెడ్‌ల రక్తనాళాల్లో గాలి బుడగలు కనిపించాయి. లోతు డైవింగ్ చేసేవాళ్లకు వచ్చే జబ్బే అది. ఈదుకుంటూ వెళ్లిపోయినది తర్వాత చనిపోవచ్చు. ఈత తడబడుతున్నా, ఒకవైపు ఒరిగిపోతున్నా ఒడ్డుకు తెచ్చి అటవీశాఖవాళ్లకు అప్పగించండి. వచ్చేముందే ఫోన్ చేసి ఎక్కడ, ఎలా దొరికిందో చెబితే మీ మావయ్యకు ఉన్న భయం కూడా తగ్గుతుంది.

మీ వల కన్ను ఎంత, ఎంత లోతులో వేస్తారు, ఎన్ని గంటలు నీళ్లలో ఉంచుతారు, ఏ చేప కోసం వేస్తారు, ఈ నాలుగూ మావయ్యను అడిగి రాయండి. లైట్లు ఎంతెంత దూరంలో కడితే మీ వలకు సరిపోతుందో, అసలు అవసరమో కాదో చూసి చెబుతాను.